మూడు వేల తూటాల తర్వాత 6 ఎంఎం ఆర్క్

నోట్‌బుక్‌లో చివరి లెక్క 3,140. మూడేళ్లలో నా ఏఆర్-15 రైఫిల్‌లో ఒకే బ్యారెల్ (గొట్టం) గుండా నేను కాల్చిన 6 ఎంఎం ఆర్క్ రకం తూటాలు అవి. అన్నీ పెట్టెలో వచ్చిన కంపెనీ సరుకే, సొంతంగా నింపుకున్నది ఒక్కటీ లేదు. కొన్న వారానికే రాసిన రివ్యూలు చాలా చదివాను. వాటిలో అందరి గ్రూపులూ (వరసగా కాల్చిన రంధ్రాల మధ్య దూరం) అరంగుళమే, ఎవరి బోల్టూ (తూటాను వెనకనుంచి బిగించి పట్టే ఉక్కు ముక్క) పగలదు. నాది పగులిచ్చింది. దాని గురించి తర్వాత చెప్తాను, ముందు గాలి గురించి చెప్పాలి. ఎందుకంటే నేను ఈ తూటాకు మారిందే గాలి వల్ల.

అంతకు ముందు చాలాకాలం ఇదే ఏఆర్-15 లోయర్ (ట్రిగ్గర్, మ్యాగజీన్ ఉండే కింది భాగం) మీద .223 రకం తూటా బ్యారెల్ పెట్టుకుని, 77 గ్రెయిన్ల (సుమారు 5 గ్రాముల) గుండుతో, అంటే తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్కతో, కాల్చేవాణ్ణి. 400 గజాల దాకా హాయి. 600 దగ్గరకు వెళ్లేసరికి గాలి నాతో ఆడుకునేది. గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఉంటే ఆ గుండు 600 గజాల దగ్గర 40 అంగుళాలు దాటి పక్కకు పోతుంది. 108 గ్రెయిన్ల ఆర్క్ గుండు అదే గాలికి 25 అంగుళాల దగ్గర ఆగుతుంది. ఎంత పక్కకు పోయినా స్కోప్‌లో సర్దుకోవచ్చు కదా అంటారు. సర్దుకోవచ్చు, గాలి ఎంతో కచ్చితంగా తెలిస్తే! నాకైతే మూడు మైళ్ల తేడాతో అంచనా తప్పడం రోజూ ఉండేదే. ఆ మూడు మైళ్ల తప్పుకు .223 గుండు 12 అంగుళాల పైన పక్కకు పోతే, ఆర్క్ ఏడున్నర అంగుళాలే పోతుంది. 18 అంగుళాల ఇనప పలక నడిమిని గురిపెట్టినవాడికి రెండు పక్కలా ఉన్నది తొమ్మిదేసి అంగుళాలు. మొదటిది తప్పినట్టు, రెండోది తగిలినట్టు. నా చేయి మారలేదు, కన్ను మారలేదు. తప్పు చేసే చోటు కాస్త వెడల్పయింది, అంతే.

ఇందులో మంత్రమేమీ లేదు. ఏఆర్-15 మ్యాగజీన్‌లో పట్టే తూటా పొడవు సుమారు 2.26 అంగుళాలు. గాలిని బాగా చీల్చే గుండు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. .223 కేసు (మందు పట్టే ఇత్తడి గొట్టం) సన్నంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి గుండు కోసం మిగిలే చోటు తక్కువ. అందుకే పోటీల్లో 80 గ్రెయిన్ల గుండ్లు వాడేవాళ్లు వాటిని మ్యాగజీన్‌లో పెట్టలేక ఒక్కొక్కటిగా ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) వేసుకుంటారు. ఆర్క్ కేసు పొట్టి, లావు. 6.5 గ్రెండెల్ అనే పాత తూటా కేసునే తీసుకుని, భుజాన్ని (కేసు సన్నబడే చోటును) కొంచెం వెనక్కి జరిపి, మెడను (గుండును పట్టే కొసను) 6 ఎంఎంకు బిగించారు. కేసు పొడవు 1.490 అంగుళాలే. మిగతా చోటంతా గుండుకే. తూటాల కంపెనీ హార్నడీ దీన్ని 2020లో బయటపెట్టింది. వంశం వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే గ్రెండెల్, .220 రష్యన్, చివరికి ఏకే-47 తూటా 7.62×39 దాకా పోతుంది. దూరం కాల్చడానికి ఎవరూ ఎంచుకోని ఆ తూటా మునిమనవడు ఇవాళ వెయ్యి గజాల పలక కొడుతున్నాడు!

పెట్టె మీది వేగం విషయంలో మాత్రం జాగ్రత్త. సెకనుకు 2,750 అడుగులని రాస్తారు, అది 24 అంగుళాల బ్యారెల్‌లో కొలిచిన అంకె. తేలికపాటి రైఫిల్ కావాలని ఏఆర్-15 కొనేవాళ్లలో 24 అంగుళాల గొట్టం మోసేవాళ్లు ఎంతమంది? నాది 18 అంగుళాలు. క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే యంత్రం) మీద మొదట్లో 2,585 వచ్చింది. 150 తూటాలు దాటాక బ్యారెల్ నునుపెక్కి 2,605 దగ్గర స్థిరపడింది. ఈ మధ్య మళ్లీ 2,580కి దిగింది. గొంతు (బ్యారెల్‌లో గుండు మొదట దూరే చోటు) అరుగుతోందన్నమాట. పెట్టె మీది అంకె నమ్మి స్కోప్ తిప్పితే 800 గజాల దగ్గర గుండు పలక కింద మట్టిలో దిగబడుతుంది. నాకు మొదటి రోజు జరిగింది అదే. పక్కన ఉన్నాయన టెలిస్కోప్‌లో చూస్తూ ‘కింద, కింద’ అంటుంటే నేను స్కోప్ మౌంటు వదులైందేమోనని స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాను.

వెయ్యి గజాలు కొట్టగలదా అంటే, కొట్టగలదు. గురిని పదిన్నర మిల్‌ల (మిల్ అంటే వెయ్యి గజాల దగ్గర ఒక గజం) దగ్గర ఎత్తుకోవాలి. ట్రిగ్గర్ నొక్కాక గుండు చేరడానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ‘ఠంగ్’ మని శబ్దం వెనక్కి రావడానికి ఇంకో రెండున్నర సెకన్లు దాటుతుంది. ఆ నాలుగు సెకన్ల నిశ్శబ్దం కోసమే చాలామంది డబ్బు పోస్తున్నారని నా అనుమానం. అయినా 18 అంగుళాల బ్యారెల్‌తో నా లెక్కలో దీని నిజమైన ఇల్లు 500 నుంచి 850 గజాలు. ఆపైన గుండు వేగం ధ్వని వేగానికి దగ్గరపడుతూ ఉంటుంది, ప్రతి చిన్న తప్పూ పెద్దదవుతుంది.

ఇక బోల్టు. ఏఆర్-15ను మొదట తయారుచేసింది సన్నటి తూటా కోసం. .223 అడుగు అంచు వ్యాసం సుమారు 0.378 అంగుళాలు, ఆర్క్‌ది 0.44 దాకా ఉంటుంది. అది కూర్చోవాలంటే అదే బోల్టు ముఖాన్ని ఎక్కువ తొలవాలి. తొలిచినకొద్దీ చుట్టూ మిగిలే ఉక్కు గోడ పలచనవుతుంది. అందుకే ఈ తూటాకు ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల కోసం పెట్టిన పీడన పరిమితి 52,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అదే .223కు 55,000. బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగే) రైఫిళ్ల కోసం ఇదే తూటాకు 62,000 లెక్కన లోడు (ఎంత మందు నింపాలన్న) వివరాలు వేరేగా ఇస్తారు. ఆ పట్టికలు చూసి ‘ఇంత తేడానా, కొంచెం పెంచితే పోలా’ అనుకునేవాళ్లు ఏఆర్ బోల్టు ముఖాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి.

నేను పెంచలేదు. కంపెనీ తూటాలే వాడాను. అయినా 2,300 దాటాక ఒకరోజు శుభ్రం చేస్తుంటే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెం) పక్కనున్న లగ్ (బోల్టును బ్యారెల్‌కు బిగించే పన్ను) మొదట్లో వెంట్రుకంత గీత కనిపించింది. మురికి అనుకుని గుడ్డతో రుద్దాను. పోలేదు. గోరు పెడితే తగిలింది. ఏడు లగ్గుల్లో ఒకటి పోతే ఏమవుతుందిలే అని ఆ వారాంతం ఇంకో పెట్టె కాల్చి ఉంటే ఏమయ్యేదో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. తయారీదారుకు రాస్తే, బోల్టు అరిగిపోయే భాగమేనని జవాబిచ్చారు. మాట నిజమే. అమ్మేటప్పుడు కూడా చెప్తే బాగుండేది. ఇప్పుడు మెరుగైన ఉక్కుతో చేసిన బోల్టు వాడుతున్నాను, స్పేర్ ఒకటి బ్యాగులోనే ఉంటుంది, ప్రతి 500 తూటాలకు భూతద్దం పెట్టి చూస్తాను. బోల్టు కొనేటప్పుడు 7.62×39 కోసం చేసింది అంటగడతారు, ముఖం లోతు తేడా ఉంటుంది. గ్రెండెల్ రకమే కావాలని అడగండి.

మ్యాగజీన్లది ఇంకో గోల. .223 మ్యాగజీన్లు పనికిరావు, గ్రెండెల్‌వి కావాలి. నేను కొన్న అయిదింటిలో రెండు ఎప్పుడూ సరిగా పనిచేయలేదు, చివరి రెండు తూటాల దగ్గర ముక్కు కిందికి వాలిపోయి ఫీడ్ ర్యాంపుకు (తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించే వాలుకు) గుద్దుకునేవి. మిగతా మూడింటి మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. మూడేళ్లుగా అవే.

గ్రూపుల విషయానికొస్తే, అయిదు తూటాలతో ఒక ఎంఓఏకు (వంద గజాలకు సుమారు ఒక అంగుళం) కాస్త లోపల, పది తూటాలతో 1.2 ఎంఓఏ. పదో తూటాకు నా సన్నటి బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, గుండ్లు పైకి పాకడం మొదలవుతుంది. ఇది తూటా తప్పు కాదు, తక్కువ బరువు కావాలన్న నా కోరిక. నిజానికి ఈ తూటా ఇచ్చేదానిలో కొంత ఆ సన్న బ్యారెలే తినేస్తోంది. రీకాయిల్ (వెనక్కి తన్నడం) మాత్రం ముద్దుగా ఉంటుంది, ఏడున్నర పౌండ్ల రైఫిల్‌తోనూ నా గుండు తగిలిన చోటు నా స్కోప్‌లోనే చూసుకోగలుగుతున్నాను. 6.5 క్రీడ్‌మోర్ ఇంకా మేలే, కానీ 2.825 అంగుళాల ఆ తూటా కోసం పెద్ద రైఫిల్ మోయాలి. .224 వాల్కిరీ అనే ఇంకో తూటాను మిత్రుడి దగ్గర కొన్నాళ్లు కాల్చాను. 90 గ్రెయిన్ల గుండు కొన్ని బ్యారెళ్లలో అలిగి కూర్చుంటుంది, ఆయనది అలాంటిదే. 300 గజాల లోపలే కాల్చేవాళ్లు మాత్రం .223తోనే ఉండిపోండి, తూటాలు చవక, బోల్టు గట్టి.

నా తర్వాతి బ్యారెల్ కూడా ఆర్క్‌దే. ఈసారి 20 అంగుళాలు, కాస్త లావుది. తూకంలో ముప్పావు పౌండు పెరుగుతుంది. అది వచ్చేదాకా ఈ పాతదాన్ని 700 గజాల పలక దగ్గరే ఉంచుతున్నాను, ఇంకొన్ని తూటాలకు మళ్లీ భూతద్దం తీయాలి.