ఆ వెండి గోళీలను నమ్మి దయచేసి ఎవరూ నీళ్లు కాచడం మానవద్దు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంటిని ముంచెత్తినప్పటి నుంచి తాగే నీళ్లంటే నాకు భయం పోలేదు. ఆ భయాన్ని కనిపెట్టే గత నెలలో ఫిల్టర్ల దుకాణదారు 1,850 రూపాయలకు వెండి పూత వేసిన సిరామిక్ గోళీల సంచి అంటగట్టాడు. ఇరవై లీటర్ల డబ్బాలో వేసి అరగంట ఆగితే క్రిములన్నీ చస్తాయని, ఇక కాచే పని లేదని చెప్పాడు. నమ్మి కాచడం మానేశాను. పన్నెండు రోజులకు మా అమ్మకు విరేచనాలు పట్టుకుని రెండు రోజులు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది.

పక్కింటి మాస్టారు ఇచ్చిన మూడు పరీక్ష సీసాలలో కుళాయి నీళ్లు, రాత్రంతా గోళీలు నానిన నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు విడివిడిగా పోశాం. మలంతో కలుషితమైన నీళ్లలోని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విడుదల చేస్తే సీసాలోని కాగితం నల్లబడుతుంది. మర్నాటి సాయంత్రానికి మొదటి రెండు సీసాలూ బొగ్గులా మారాయి, కాచిన నీళ్ల సీసా మాత్రం అలాగే ఉంది.

ఆ సీసాలు తీసుకుని దుకాణానికి వెళితే, ముందు మా ఇంట్లో బిందెలు సరిగ్గా తోముతారా అని అడిగాడు. సంచి మీద ‘సూక్ష్మజీవ నిరోధకం’ అన్న మాట చూపించాను. అప్పుడు అతను నలుగురు కొనుగోలుదారుల ముందు, “అది గోళీ గురించి రాసిందండీ, గోళీ మీద క్రిములు పెరగవని అర్థం. నీళ్లకు మేం పూచీ ఇవ్వలేదు. చదువుకున్నవారు, చదివి కొనాలి కదా” అన్నాడు. కాచే పని లేదని నాతో చెప్పిన నోటితోనే అన్నాడు. మా అమ్మ ఆసుపత్రి మంచం మీద ఉందని చెప్పినా తలెత్తి చూడలేదు. అంత పూచీ లేని మాటను నమ్మి పొయ్యి ఆర్పింది నేనే కదా అన్న బాధ నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అతను అమ్మేటప్పుడు చెప్పిన గొప్పలన్నీ నిజానికి మట్టి ఫిల్టర్‌వి. 1981లో గ్వాటెమాలాలో ఫెర్నాండో మజారియెగోస్ రూపొందించిన కుండ ఫిల్టర్‌లో మట్టితో కలిపిన రంపపు పొట్టు కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిగుండా గంటకు రెండు మూడు లీటర్ల చొప్పున నీళ్లు ఊరుతుంటే బ్యాక్టీరియా చాలావరకు అక్కడే చిక్కుకుంటుంది, వెండి దానికి తోడు మాత్రమే. ఆ కుండ ఫిల్టర్ కూడా వైరస్‌లను నమ్మకంగా ఆపలేదు. డబ్బా అడుగున పడి ఉన్న గోళీలోంచి నీళ్లు వడకట్టబడవు. పూత నుంచి నీళ్లలోకి వచ్చే వెండి అయాన్లు (విద్యుదావేశమున్న వెండి కణాలు) నెమ్మదిగా పనిచేస్తాయి, నీళ్లలో మడ్డి, ఉప్పులాంటి క్లోరైడ్లు ఉంటే ఇంకా బలహీనపడతాయి.

కొనేముందు నీళ్ల మీద చేసిన ప్రయోగశాల పరీక్ష నివేదిక అడగండి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ.కోలి (మల కాలుష్యాన్ని పట్టిచ్చే బ్యాక్టీరియా) అసలు కనిపించకూడదు. ఇప్పటికే కొన్నవారు ఈ పూట నుంచే నీళ్లను కళపెళ మరిగించి తాగండి.