మీటియరా, అవెంజరా? పర్లాకిమిడి కొండదారుల్లో 46 వేల కిలోమీటర్ల తర్వాత

2007లో కొన్న నా నూటపాతిక సీసీ బండికి 2022లో పదిహేనేళ్లు నిండాయి. ఓఆర్ 20 అని రాసిన నంబరు పలక సగం వెలిసిపోయింది. సైలెన్సరుకు రెండుచోట్ల వెల్డింగు అతుకులు. ఆర్సీ పొడిగించుకోవాలంటే బండిని తనిఖీకి చూపించాలి, చూపించాలంటే ముందు దాన్ని బాగుచేయించాలి. లెక్క వేసి మా మెకానిక్కే, "ఇంక దీన్ని వదిలెయ్యండి బాబూ" అన్నాడు. పదిహేనేళ్లు నా డబ్బు తిన్నవాడు ఆ మాట అన్నాడంటే నమ్మాల్సిందే.

ఉండేది ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో, చేసేది జీడిపిక్కల వ్యాపారం. మార్చి నుంచి మే దాకా సెరంగో, మోహన వైపు కొండ ఊళ్లు తిరిగి, పిక్క కోసి గింజ చూసుకుని, బేరం కుదిరితే సరుకు పలాసకు పంపిస్తాను. సీజనులో రోజుకు వంద కిలోమీటర్లకు తక్కువ తిరగను. అప్పటికే నడుము మొరాయించడం మొదలైంది. కాళ్లు కాస్త ముందుకు చాపుకుని తీరిగ్గా కూర్చునే క్రూయిజరు అయితే హాయిగా ఉంటుందని ఊహించుకున్నాను. అందులో సగమే నిజం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

తేల్చుకోవలసింది రెండిటి మధ్య: రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, బజాజ్ అవెంజర్ క్రూయిజ్ 220. అవెంజరు, వంతెన దాటితే వచ్చే ఆంధ్రాలోని పాతపట్నంలో మా బావమరిదికి ఉంది. "పది రోజులు నడిపి చూడు బావా, నచ్చకపోతే అప్పుడు ఆలోచించు" అని తాళం చేతిలో పెట్టాడు. పది రోజులు అన్నది పన్నెండు రోజులైంది. మీటియరును షోరూము వాళ్లు ఇచ్చిన అరగంటలోనే చూసుకున్నాను. అంటే నా పరీక్ష న్యాయంగా జరగలేదు, ముందే ఒప్పుకుంటున్నాను. అయినా చివరికి మీటియరే కొన్నాను.

కాగితం మీద రెండిటి బలం దాదాపు ఒకటే. మీటియరు 349 సీసీకి 20.2 హార్స్‌పవర్, అవెంజరు 220 సీసీకి సుమారు 19. ఇంత చిన్న తేడాకు అన్ని వేలు ఎక్కువ పెట్టాలా అని నేనూ అనుకున్నాను. తేడా ఉన్నది లాగుడులో. మీటియరు 27 న్యూటన్ మీటర్ల టార్కును, అంటే లాగే బలాన్ని, ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగేటప్పుడే ఇస్తుంది. అవెంజరు 17.55 ఇవ్వడానికి ఇంజను 7000 దాకా తిరగాలి. చదునైన టెక్కలి రోడ్డు మీద ఇది తెలియదు. తప్తపాణి ఘాటీలో వెనక మా ఆవిడ, పక్కన శాంపిల్ సంచీ, ముందు నత్తలా పాకే లారీ ఉన్నప్పుడు తెలుస్తుంది. అక్కడ అవెంజరుకు గేరు తగ్గించి ఇంజనును పరుగు పెట్టించాలి. మీటియరు అదే గేరులో గొంతు పెంచకుండా లారీని దాటేస్తుంది.

అయినా కొన్నది సరైన బండేనని నన్ను ఒప్పించింది ఎక్కడం కాదు, దిగడం. జూలైలో మీటియరు మీద సెరంగో నుంచి దిగుతుంటే వాన పట్టుకుంది. కొండ మీదనుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి మలుపులో పలచగా పరుచుకుని ఉంది. థ్రాటిల్ వదిలేసి రెండో గేరులో ఉంచితే బరువైన ఇంజను బండిని వెనక్కి పట్టి ఆపుతూ వచ్చింది. మలుపు మధ్యలో ఒక మేక అడ్డం వస్తే రెండు బ్రేకులూ నొక్కాను. బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసినప్పుడు కాలి కింద పెడలు టకటకా కొట్టుకుంటుంది, ఆ దడ నాకిప్పటికీ గుర్తుంది. చక్రం జారలేదు. మీటియరుకు రెండు చక్రాలకూ డిస్కు, రెండిటికీ ఏబీఎస్. నేను చూసిన అవెంజరుకు ఏబీఎస్ ముందు చక్రానికే, వెనక డ్రమ్ము. రోజూ మైదానంలో తిరిగేవారికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు.

టైర్ల సంగతి కూడా. మీటియరువి అల్లాయ్ చక్రాలు, ట్యూబులు ఉండవు కాబట్టి మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు. అవెంజరు క్రూయిజువి పుల్లల చక్రాలు, ట్యూబు టైర్లు. పాత బండిని పంక్చరుతో నాలుగు కిలోమీటర్లు ఎండలో తోసినవాడికి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

ఇక నడుము. మామూలు బండి మీద గుంత వస్తే కాళ్ల మీద కాస్త లేస్తాం, దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. క్రూయిజరులో కాళ్లు ముందుకు ఉంటాయి కాబట్టి లేవలేం, గుంత నేరుగా వెన్నుకు తగులుతుంది. అది రెండిటికీ వర్తిస్తుంది. బాగున్న రోడ్డు మీద గంటన్నర కూర్చున్నా అలసట ఉండదు. కొండ ఊరి లోపలి దారుల్లో మాత్రం పాత బండే నయం. నడుము నొప్పి తగ్గుతుందని ఎవరైనా క్రూయిజరు కొంటుంటే, ముందు మీ దారి చూసుకోండి.

బరువు ఇంకో తద్దినం. మీటియరు 191 కిలోలు, అవెంజరు 163. కదిలాక తెలియదు, ఇంటి ముందు తెలుస్తుంది. మా వాకిలి వీధి వైపు వాలుగా ఉంటుంది. ముందు చక్రం లోపలికి పెట్టి నిలిపితే బయటికి తీయడం సులువే, లోపలికి ఎక్కించడమే కష్టం. మొదటి వారం మా ఆవిడ వెనక నుంచి తోస్తూ, "ఎద్దును కొన్నా ఇంత శ్రమ ఉండేది కాదు" అంది. ఆమె ఓటు మొదటినుంచీ అవెంజరుకే. సీటు 737 మిల్లీమీటర్ల ఎత్తే, మీటియరుది 765. చీర కట్టుకుని ఎక్కేవారికి ఆ అంగుళం చాలా పెద్దది. చివరికి మేస్త్రీని పిలిచి గుమ్మం ముందు సిమెంటు వాలు వేయించాను.

మీటియరులో మడమతో కూడా గేరు మార్చుకునే లీవరు నాలాంటి చెప్పులవాడికి వరం. దారి చూపించే ట్రిప్పర్ అనే చిన్న తెర ఫోను మీద ఆధారపడుతుంది. సిగ్నలు లేని కొండల్లో అది నాకు గడియారం మాత్రమే.

మైలేజీ ఘాటీల్లో 33, టెక్కలి వైపు 37. ట్యాంకు 15 లీటర్లు. ఒడిశాలో పెట్రోలు ఆంధ్రకంటే చవక కాబట్టి వంతెన దాటేముందు నింపుకుంటాను. బావమరిది కూడా ఇటే వచ్చి పోయించుకుంటాడు, టీ ఖర్చు నాది.

చైను విషయంలో ఒక మెకానిక్ మరీ బిగించేసి నెల రోజులు చప్పుడు వినిపించాడు. అప్పటినుంచి నేనే చూసుకుంటున్నాను. వానాకాలంలో ప్రతి ఐదు వందల కిలోమీటర్లకు కడిగి నూనె పట్టిస్తాను. మొదటి చైను 27 వేల కిలోమీటర్లకు మార్చాను, వెనక టైరు ఇప్పుడు మూడోది.

ఈ మధ్య బావమరిది అవెంజరు అమ్ముదామా అని అడిగాడు. వద్దన్నాను. అతనికి పాతపట్నం, టెక్కలి తప్ప వేరే దారి లేదు.