నాన్న పోయాక కాగితాల పని: మేము తీసుకున్న సేవ గురించి

నాన్న పేరున ఉన్న ఖాతాలు, బీమా, ఇల్లు మా పేర్లకు మార్పించుకోవడానికి ఒక న్యాయవాది నడిపే చిన్న కార్యాలయం సాయం తీసుకున్నాం. ఫారాలు నింపిపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. వీళ్లు ముందు కాగితాలు చదివారు.

గుమాస్తాగారు నాన్న గుర్తింపు కార్డు, డిపాజిట్ రసీదు, ఇంటి దస్తావేజు బల్లమీద పక్కపక్కన పరిచి, ఒక్కో అక్షరం మీద పెన్ను ఆనించి చూశారు. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఇంకోదానిలో పొడి అక్షరమే ఉంది, దస్తావేజులో తాతగారి పేరు కూడా చేరింది. "మరణ ధ్రువీకరణ పత్రంలో పడ్డ పేరుతోనే అందరూ పోల్చి చూస్తారమ్మా, అది రాకముందే సరిచూసుకోవాలి" అన్నారు. ఆ మూడు పేర్లూ ఒక్కరివేనని అఫిడవిట్ కూడా ఆయనే రాయించారు. మరణ ధ్రువీకరణ పత్రం నకళ్లు ఎక్కువే తీసుకోమన్నారు. నిజంగానే ప్రతిచోటా ఒకటి ఉంచేసుకున్నారు.

ఏం చేయకూడదో చెప్పడం ఇంకా మేలు చేసింది. నాన్న ఏటీఎం కార్డుతో డబ్బు తీద్దామనుకున్న తమ్ముణ్ణి ఆపారు. ఖాతాదారు పోయాక ఆ కార్డు వాడే హక్కు ఎవరికీ ఉండదట. ఫోను నంబరు తొందరపడి రద్దు చేయవద్దన్నారు. ప్రీమియం గడువు గుర్తుచేస్తూ దానికి వచ్చిన సందేశం వల్లే మాకెవరికీ తెలియని ఒక పాలసీ బయటపడింది.

అమ్మకు అప్పులవాళ్ల నుంచి ఫోన్లు వస్తుండేవి, పాపం హడలిపోయేది. నాన్న బాకీ ఆయన వదిలిన ఆస్తిలోంచే తీరాలి, తను హామీ సంతకం పెట్టనప్పుడు తన సొంత డబ్బు కట్టనక్కర్లేదు అని న్యాయవాదిగారు అమ్మనే కూర్చోబెట్టి, తనకు అర్థమయ్యేదాకా చెప్పారు. ఆ ఒక్కదానికే నేను వాళ్లకు రుణపడి ఉంటాను.

లోపం లేకపోలేదు. కాగితాలు దాఖలు చేశాక పని ఎంతవరకు వచ్చిందో వాళ్లంతట వాళ్లు చెప్పరు, మనమే అడగాలి. నోటరీ ఖర్చు ఫీజులో కలిసి లేదని చివరికి గానీ తెలియలేదు. ఫీజులో ఏమేమి వస్తాయో ముందే రాయించుకోండి. వారసుల మధ్య తగాదా ఉంటే మాత్రం వీళ్లు ఆ పని తీసుకోరు. అందరి సంతకాలూ దొరికే ఇంటికే ఈ సేవ పనికొస్తుంది.