నాలుగేళ్లు వాడాక నా క్యాబిన్ సూట్‌కేస్: పెట్టె మంచిదే, బాధంతా చక్రాలతోనే

ఈ పెట్టెను 2021 డిసెంబర్‌లో కొన్నాను. మా అమ్మాయి అహ్మదాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. బడికి సెలవులు దొరికినప్పుడల్లా, ఏడాదికి నాలుగు సార్లయినా హనుమకొండ నుంచి వెళ్లి వస్తాను. అంటే ఇప్పటికి రానూపోనూ కలిపి ముప్పై విమానాలైనా ఎక్కి ఉంటుంది ఇది. రంగు, నంబర్ తాళం, లోపలి అరలు దుకాణంలో ఎవరైనా చూపిస్తారు, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది చక్రాల గురించి. కొనేటప్పుడు నేను అసలు చూడనిది వాటినే.

గట్టి పెట్టె కొనడానికి కారణం సకినాలు. అంతకుముందు గుడ్డ బ్యాగులో తీసుకుపోతే పైన ఎవరి బ్యాగో పడి సగానికి సగం విరిగేవి. సకినం ఎంత సున్నితమో మన దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. పిండి తడిపి, బట్ట మీద ఒక్కొక్కటి చేత్తో చుట్టి, ఆరబెట్టి కాల్చిన దాన్ని కూతురి చేతికి పొడిలా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. అందుకని పాలీకార్బొనేట్ పెట్టె తీసుకున్నాను. మొదటి సంక్రాంతికి డబ్బా చెక్కుచెదరకుండా చేరినట్టే అనిపించింది. మా బడిలో నలుగురు టీచర్లకు ఇదే కొనమని చెప్పాను, ఇద్దరు కొన్నారు కూడా.

తరవాత ఒక సంగతి గమనించాను. డబ్బాలో పై వరసల సకినాలు బాగానే ఉంటున్నాయి, అడుగు వరసలు మాత్రం ప్రతిసారీ నూకలైపోతున్నాయి. మీద బరువేమీ పడలేదు, పెట్టె ఎక్కడా సొట్ట పోలేదు. మరి ఎక్కడ విరుగుతున్నాయి? రెండు మూడు ప్రయాణాలు జాగ్రత్తగా చూసుకున్నాక అర్థమైంది. విరిగేది విమానంలో కాదు, దారిలో.

మన వైపు నుంచి విమానం ఎక్కాలంటే ఎంత దారి ఉందో చూడండి. మా ఇంటి నుంచి సందు చివరి దాకా సీసీ రోడ్డు, అదీ నల్లా పైపుల కోసం తవ్వి పూడ్చింది. అక్కడ ఆటో. హనుమకొండ బస్టాండ్‌లో ప్లాట్‌ఫాం వెతుక్కుంటూ నడక. ఉప్పల్‌లో దిగాక రోడ్డు దాటి, ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్ బస్సు ఆగే చోటికి మళ్లీ నడక. శంషాబాద్‌లో అద్దంలాంటి నేల వచ్చేసరికి నాలుగు గంటలు దాటుతుంది. అహ్మదాబాద్‌కు విమానం రెండు గంటల లోపే. నాలుగు చిన్న గట్టి ప్లాస్టిక్ చక్రాల పెట్టెను ఆ అద్దంలాంటి నేల కోసమే చేశారు. దుకాణంలోనూ అలాంటి నేల మీదే ఒక వేలితో తోసి చూపించారు. గరుకు రోడ్డు మీద ఆ చక్రాలు పుట్టించే అదురంతా పెట్టె అడుగుకు, అక్కడి నుంచి డబ్బాకు పోతుంది. పెట్టె గట్టిదైనా అదురును ఆపలేదు.

చక్రం విరిగింది 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతర వారంలో. జాతర 21 నుంచి 24 వరకు, నా విమానం 24న, శనివారం. మా తమ్ముడు వాళ్లు ముందురోజే సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరికి వెళ్లి వచ్చి, అమ్మాయికని అమ్మవారి బంగారం, అదే బెల్లం, తెచ్చి ఇచ్చారు. అదీ ఈ పెట్టెలోనే పెట్టాను. ఆ రోజు హనుమకొండలో రోడ్లన్నీ జనమే. ఆటో చౌరస్తా దగ్గరే ఆగిపోయింది, ఇంక ముందుకు పోదన్నాడు. అక్కడి నుంచి బస్టాండ్ దాకా లాక్కుంటూ పోతుంటే మోరీ మీద వేసిన ఇనుప జాలీలో వెనక చక్రం ఇరుక్కుంది. వెనక నుంచి జనం నెడుతున్నారు, నేనూ తొందరలో గుంజాను. చక్రం దాని గూటితో సహా ఊడి జాలీలోనే ఉండిపోయింది.

నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఏడు కిలోల పెట్టె చేత్తో మోయలేనిదేమీ కాదు. కానీ భుజాన ఇంకో సంచి, చీర కుచ్చిళ్లు, ఆ తోపులాట, పైగా విమానం టైం టెన్షన్. వెనక చక్రం లేకపోతే పెట్టెను వెనక్కి వంచి లాగలేం. ఉప్పల్‌లో దిగాక తోచింది, ముందుకు వంచి ముందరి రెండు చక్రాల మీద తోసుకుంటూ పోవచ్చని. నడుము నొప్పి పెట్టింది గానీ విమానం అందింది. ఆ రాత్రి డబ్బా తెరిస్తే సకినాల్లో సగం పొడే. బెల్లం మాత్రం కాగితం కూడా నలగకుండా చేరింది. అమ్మాయి కళ్లకద్దుకుని తీసుకుంది.

తిరిగి వచ్చాక కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేశాను. వారంటీ పెట్టెకే, చక్రాలకు వర్తించదన్నారు. డబ్బులిస్తాను వేయండంటే ఆ మోడల్ చక్రాలు ఇప్పుడు రావడం లేదన్నారు. మూడేళ్లు కూడా నిండని పెట్టె! కోపం వచ్చిన మాట నిజం, ఇప్పటికీ పోలేదు. మొత్తం బరువు పడేది చక్రం మీద, ముందు అరిగేదీ అదే. దానికే పూచీ లేకపోతే మిగతా పూచీ దేనికి?

పారేయడానికి మనసు ఒప్పక హనుమకొండలో బ్యాగులకు జిప్పులు వేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పెట్టె తెరిచి, లోపలి అస్తరుకు ఉన్న చిన్న జిప్పు లాగి చూపించాడు. ఇన్నేళ్లలో ఆ జిప్పు ఎందుకుందో నాకు తెలియదు. దాని వెనక ప్రతి చక్రానికీ స్క్రూలున్నాయి. "నాలుగు మార్చాలె మేడం, ఒక్కటే మారిస్తే పెట్టె ఒక దిక్కు ఒరుగుతది" అన్నాడు. కొంచెం పెద్దవి, మీద మెత్తటి రబ్బరు ఉన్నవి, నాలుగూ కలిపి తొమ్మిది వందలకు వేసి ఇచ్చాడు. గంటలో పని అయిపోయింది.

అప్పటి నుంచి చప్పుడు సగానికి తగ్గింది. మా సందులో లాగుతుంటే తేడా చేతికే తెలుస్తుంది. 2025 సంక్రాంతికి తీసుకెళ్లిన డబ్బాలో అడుగు వరసలో కూడా నాలుగైదు తప్ప విరగలేదు. అయితే ఆసారి డబ్బా కింద పాత కాటన్ చీర మడిచి పెట్టాను. అందుకని గొప్పతనమంతా చక్రాలదే అనలేను.

కొన్నప్పుడు పొగిడిన మాటల్లో కొన్ని ఇప్పుడు సవరించుకోవాలి. పుస్తకంలా రెండు వైపులా తెరుచుకోవడం బాగుందని చెప్పాను. ఇంట్లో మంచం మీద బాగానే ఉంటుంది. సెక్యూరిటీ దగ్గర స్టీల్ డబ్బా ఏమిటని తెరవమంటే మాత్రం ఆ చిన్న బల్ల మీద సగం పెట్టె బయటికి వేలాడుతుంది, పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. స్టీల్ డబ్బా మానేసి ప్లాస్టిక్‌ది పెడుతున్నాను, బరువూ తగ్గింది. బరువు సంగతీ అంతే. తేలిక పెట్టె అనుకున్నాను గానీ ఖాళీగానే మూడు కిలోలకు దగ్గరగా తూగుతుంది. విమానంలో వెంట తీసుకెళ్లనిచ్చే ఏడు కిలోల్లో అది పోతే మిగిలేది నాలుగు. తొక్కు సీసా చెక్-ఇన్‌లో వేస్తాను. కుడుకలైతే, అంటే ఎండు కొబ్బరి, అందులోనూ వద్దంటారు, నూనె ఎక్కువ కాబట్టి తొందరగా అంటుకునే సరుకు కింద లెక్క. పెట్టె మీది చీటీలో పొడవు 55 సెంటీమీటర్లని ఉంది. టేపు పెట్టి చూస్తే అది చక్రాలు కలపని లెక్క. కొత్త చక్రాలతో ఇంకో సెంటీమీటర్ పెరిగింది. ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు, కొలిస్తే ఏమంటారోనన్న భయం కొంచెం ఉంది.

మా వదిన ఈ మధ్య రెండు పెద్ద చక్రాల గుడ్డ బ్యాగు కొంది. చక్రాలు సగం పెట్టె లోపలికే ఉంటాయి, ఇరుక్కునే అవకాశం తక్కువ. దాన్ని మా సందులో లాగి చూశాను, హాయిగా పోయింది. ఈ రోజు కొనాల్సి వస్తే నేను బహుశా అదే కొంటాను. కానీ ఆమె సకినాలు మోయదు, నేను మోస్తాను, కాబట్టి పూర్తిగా తేల్చుకోలేదు. ఇంటి ముందు కారెక్కి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీదికి ఎక్కి నేరుగా శంషాబాద్‌లో దిగేవాళ్లకు ఈ పెట్టె పాత చక్రాలతో కూడా బాగానే నడుస్తుంది. నా మాట విని కొన్న ఇద్దరు టీచర్లలో ఒకామె అలాగే వెళ్తుంది, ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. బస్సులో పోయే రెండో ఆమెకు ఆ జిప్పుల ఆయన దుకాణం చూపించాను.

స్క్రూలు ఏడాదికోసారి బిగించుకోవాలని ఆయన ముందే చెప్పాడు. మొన్న దసరా సెలవుల్లో తీసుకెళ్తే రెండు నిమిషాల్లో బిగించి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.