మిరియాల పొట్లం దాకా: విశాఖలో స్టిల్ లైఫ్ యాత్ర

బొమ్మలు వేసుకునేవాళ్ళు విశాఖలో గది తీసుకుంటే ఆర్టీసీ కాంప్లెక్సు వైపే చూసుకోండి. బీచ్ రోడ్డులో ఓ హోటలు 'సీ వ్యూ' అని ఇచ్చిన గదిలో కిటికీ తీస్తే పక్క మేడ నీళ్ళ ట్యాంకులు. అద్దె మాత్రం సముద్రానిదే. కాంప్లెక్సు దగ్గరి లాడ్జి సాదాసీదా, కానీ ఉత్తరం కిటికీ, గట్టి బల్ల ఉన్నాయి. స్టిల్ లైఫ్‌కి, అంటే బల్ల మీద సామాను పేర్చి చూస్తూ వేసే బొమ్మకి, అంతకన్నా ఏం కావాలి?

విశాఖ మ్యూజియం బీచ్ రోడ్డులోనే, పాత డచ్చి బంగళాలో 1991 నుంచీ ఉంది. పిల్లలంతా కత్తుల దగ్గర మూగుతారు, నేను పింగాణీ సామాను దగ్గర ఆగిపోయాను. 17వ శతాబ్దపు హాలెండులో విలెం కాల్ఫ్ వేసింది ఇలాంటి సామానే: చైనా గిన్నె, సగం తొక్క తీసిన నిమ్మకాయ, కింద తూర్పుదేశపు తివాచీ. బొమ్మలో మనిషి ఉండడు, ఆ ఇంటి పరపతి మాత్రం తెలిసిపోతుంది. పెళ్ళిలో చదివించిన స్టీలు బిందె మీద పేరు కొట్టించే మనకి ఇది వేరే చెప్పాలా! ఫ్రెంచి చిత్రకళా అకాడెమీ పెద్దలు ఈ రకం బొమ్మలకి అన్నిటికన్నా కింది మెట్టు వేశారు. వర్తకులు అదేం పట్టించుకోకుండా కొని గోడలకి తగిలించుకున్నారు.

భీమిలికి సిటీ బస్సే మేలు. నేను మాట్లాడుకున్న కారతను అక్కడికెళ్ళాక వెయిటింగు డబ్బులంటూ పేచీ పెట్టాడు. అక్కడి డచ్చి సమాధులు తప్పక చూడాలి. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మన కోస్తాలో నేసిన బట్టలు కొని, తూర్పు దీవుల్లో వాటికి బదులుగా సుగంధ ద్రవ్యాలు తీసుకునేది. ఆ కాలపు బొమ్మల్లో, పీటర్ క్లాస్ లాంటివాళ్ళు వేసినవాటిల్లో, పాత పంచాంగం కాగితం చుట్టిన పొట్లంలోంచి మిరియాలు జారుతుంటాయి. ఆ వ్యాపారం మన మగ్గాల మీద నడిచింది. బల్ల మీద మగ్గం జాడ ఉండదు. పక్కన పుర్రె పెట్టి 'అంతా అశాశ్వతం' అన్న బొమ్మలోనూ ఆ దిగులు బల్ల గలాయనదే, నేసినవాడిది కాదు.

పూర్ణా మార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళండి, జగదాంబ జంక్షన్ దగ్గర దిగి నడవడమే సుఖం. ఓ కొట్టులో మిరియాలు అడిగితే ఆయన పాత పేపరు చింపి, కోసుగా చుట్టి, కొస మెలితిప్పి, పైఅంచు లోపలికి మడిచి ఇచ్చాడు. పొట్లం మీద సగం టెండరు ప్రకటన. గదికొచ్చి స్టీలు గ్లాసు, కోసిన నిమ్మకాయ పక్కన ఆ పొట్లం విప్పి పెట్టి బొమ్మ మొదలుపెట్టాను.

ఊడవడానికొచ్చిన కుర్రాడు కాసేపు చూసి, "ఏటి సార్, నిమ్మకాయ కోసీసి అలా వదిలీసారు?" అన్నాడు. బొమ్మ కోసమని చెబితే బల్ల ముట్టకుండా చుట్టూ ఊడ్చి పోయాడు. సర్వీసులో ఆ లాడ్జికి నేను పూర్తి మార్కులు వేసింది అందుకే.