మేవ్ బించీనా, విలియమ్ ట్రెవరా: ఎవరి చివరి కథలు ముందు చదవాలి?

రచయిత పోయాక వచ్చే కథల పుస్తకాన్ని నేను కాస్త అనుమానంగానే తెరుస్తాను. బతికుండగా పక్కన పెట్టేసినవన్నీ ఊడ్చి అచ్చేశారేమోనని. ఐర్లండ్ పాఠకులు ఇంట్లో మనుషుల్లా చూసుకున్న ఇద్దరు రచయితల విషయంలో ఆ అనుమానం ఒకరి పుస్తకానికి సగం నిజమైంది, ఇంకొకరి పుస్తకానికి అసలు వర్తించలేదు. తమాషా ఏమిటంటే, ఎవరైనా అడిగితే ఆ సగం నిజమైనదాన్నే నేను ముందు చదవమంటాను.

అది మేవ్ బించీ 'చెస్ట్‌నట్ స్ట్రీట్'. ఆవిడ 2012 జులైలో చనిపోయారు, పుస్తకం 2014లో వచ్చింది. డబ్లిన్‌లో ఉన్నట్టు ఊహించుకున్న ఒక వీధి, అందులో ఇళ్లు, ఆ ఇళ్లలో మనుషులు. కొన్ని దశాబ్దాల పాటు అప్పుడొకటి అప్పుడొకటిగా రాసి దాచిన కథలివి. ఎప్పటికైనా అన్నిటినీ ఈ వీధి పేరుతో ఒకచోట చేర్చాలన్నది ఆవిడ ఆలోచనేనని భర్త, పిల్లల రచయిత గోర్డన్ స్నెల్ చెప్పారు. రెండోది విలియమ్ ట్రెవర్ 'లాస్ట్ స్టోరీస్'. ఆయన 2016 నవంబరులో, 88 ఏళ్ల వయసులో పోయారు. పుస్తకం 2018లో వచ్చింది. బించీ పుస్తకంలో ముప్పైకి పైగా కథలుంటే, ట్రెవర్‌లో పదే.

లెక్క సంగతి అటుంచి, అసలు తేడా తెలియాలంటే ఇద్దరి కథల్లో మనుషులు తమకు తెలిసిన నిజాన్ని ఏం చేస్తారో చూడాలి.

ట్రెవర్ పుస్తకంలో మొదటి కథ 'ద పియానో టీచర్స్ ప్యూపిల్'. మిస్ నైటింగేల్ యాభై దాటిన ఒంటరి మనిషి, ఇంట్లోనే పియానో నేర్పుతుంది. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని ప్రతిభ ఉన్న ఒక పిల్లాడు ఆమె దగ్గరికొస్తాడు. వాడు వచ్చి వెళ్లాక ఇంట్లో ఏదో ఒక చిన్న వస్తువు కనబడదు. ఒకసారి నశ్యం డబ్బీ, ఇంకోసారి పింగాణీ హంస. ఆమెకు తెలుసు. అడగదు. అడిగితే వాడు మళ్లీ రాడేమో, ఆ సంగీతం మళ్లీ వినబడదేమో. తన జీవితంలో ఇంతకు ముందు మనుషులు తననెలా వాడుకున్నారో కూడా ఆ మౌనంలోనే ఆమెకు అర్థమవుతూ వస్తుంది. కథంతా కలిపి కొద్ది పేజీలే.

'ద క్రిపుల్డ్ మ్యాన్' ఇంకా కరకైనది. పరాయి దేశం నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు ఐర్లండ్ పల్లెలో ఒక ఇంటికి రంగు వేయడానికి కుదురుకుంటారు. బేరమాడింది ఆ ఇంట్లో ఉండే కదల్లేని మనిషి. పని సాగుతుండగా ఆయన కనబడడం మానేస్తాడు. ఇంట్లో ఉన్న ఆడమనిషి ఆయన పింఛను మీద బతుకుతోంది. అన్నదమ్ములు చూసీ చూడనట్టు గోడలకు రంగు వేస్తూ పోతారు. వాళ్ల బతుకూ అంతంతమాత్రమే కదా. తప్పెవరిదో ట్రెవర్ ఎక్కడా చెప్పడు. చదివేవాళ్లకే ఊపిరాడదు.

బించీ వీధిలో ఇలా కుదరదు. అక్కడి మనుషులు కాసేపు బాధపడినా, ఎవరో ఒకరు లేచి ఏదో ఒకటి చేస్తారు. 'డాలీస్ మదర్'లో అందరినీ ఇట్టే ఆకట్టుకునే అందగత్తె తల్లి, ఆమె వెలుగులో కనబడకుండా పోయే పదహారేళ్ల మామూలు కూతురు. 'ద బిల్డర్స్'లో పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయాక ఒంటరిగా ఉన్న నాన్ ర్యాన్‌కి, పక్కింటి మరమ్మతులకు వచ్చిన మేస్త్రీతో స్నేహం కుదురుతుంది. తన కథల్లో బాతుపిల్లలు హంసలైపోవు, ధీమా ఉన్న బాతులవుతాయని బించీ అనేవారు. ఈ పుస్తకాన్ని అంతకన్నా బాగా నేను చెప్పలేను.

లోపం లేదా అంటే ఉంది. కొన్ని కథలు నాలుగు పేజీల్లో హడావుడిగా ముగుస్తాయి. ఆవిడ బతికుంటే ఒక పదింటినైనా మళ్లీ రాసేవారని నాకనిపిస్తుంది. ఒకే ముగింపు రెండు మూడు వేషాల్లో ఎదురవుతుంది. వరసగా కూర్చుని చదివితే పాకం ఎక్కువైన అరిసెల్లా మొహం మొత్తుతాయి. రాత్రికి రెండు చాలు.

ఇంకో ఇబ్బంది, ఏ కథ ఏ కాలానిదో వెంటనే తెలియదు. ఐర్లండ్‌లో విడాకులు చట్టబద్ధమైంది 1995 రిఫరెండం తర్వాతే. అదీ తొమ్మిది వేల చిల్లర ఓట్ల తేడాతో గట్టెక్కింది. బించీ రాసిన కాలంలో ఎక్కువ భాగం, విడిపోయిన భార్యాభర్తలకు అక్కడ మళ్లీ పెళ్లి చేసుకునే దారి లేదు. ఇది మనసులో పెట్టుకుంటే, ఈ వీధిలో మొగుళ్లూ పెళ్లాలూ ఎటూ తేల్చుకోకుండా ఎందుకలా వేలాడుతుంటారో అర్థమవుతుంది. లేకపోతే వాళ్ల మీద విసుగొస్తుంది.

భాష విషయంలో పోటీయే లేదు. బించీ పుస్తకంలోని 'ద బిల్డర్స్', 'స్టార్ సల్లివన్' కథలు రెండూ మొదట విడివిడిగా చిన్న పుస్తకాలుగా వచ్చాయి, పెద్దయ్యాక చదవడం అలవాటు చేసుకునేవాళ్ల కోసం. ఇంగ్లిషు కథలు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టేవాళ్లకు అంతకన్నా హాయైన ప్రవేశం దొరకదు. ట్రెవర్ మాటలు కూడా కష్టమైనవి కావు. కానీ ఒక వాక్యం పరాకుగా దాటేస్తే కథే జారిపోతుంది. చెప్పాల్సింది ఆయన వాక్యం మధ్యలో, పక్కకి తిరిగి చెప్పినట్టు చెప్పేస్తాడు.

కాబట్టి పనయ్యాక అలసిపోయి చదివేవాళ్లకు, ఆసుపత్రిలో ఎవరికైనా తోడు కూర్చున్నవాళ్లకు, అమ్మకు కొనిపెట్టాలనుకునేవాళ్లకు బించీ. కథలు రాసేవాళ్లకు, రాద్దామనుకునేవాళ్లకు మాత్రం ట్రెవరే, మరో మాట లేదు. కథగా ఏది గొప్పదని నిలదీస్తే ట్రెవర్ పదిలో నాలుగు కథలకు సాటి వచ్చేది చెస్ట్‌నట్ స్ట్రీట్‌లో ఒక్కటీ లేదు. అయినా బించీని ముందు చదవమనడం ఎందుకంటే, ట్రెవర్ తర్వాత చదివితే ఆవిడ తేలిపోతారు. ముందు చదివితే ఆవిడ ఇచ్చే సంతోషం పూర్తిగా దక్కుతుంది. బించీవే 2015లో 'ఎ ఫ్యూ ఆఫ్ ది గర్ల్స్' పేరుతో మరికొన్ని వచ్చాయి, దానికి తొందరేం లేదు.

ట్రెవర్ దగ్గరికి వచ్చాక మాత్రం పుస్తకంలో ఉన్న వరసలో వెళ్లొద్దు. 'ద క్రిపుల్డ్ మ్యాన్'తో మొదలుపెట్టండి. పియానో టీచర్ కథ ముందే చదివేస్తే మిగతా తొమ్మిదీ దాని పక్కన కాస్త చిన్నబోతాయి.