కదిలే గురికి షాట్‌గన్‌పై రెడ్ డాట్: మూడేళ్ళ వాడకం తరువాత

నాది కుడిచేతి వాటం, అయితే నా చూపులో పైచేయి ఎడమ కంటిది. ఒకేసారి చాలా గుళ్ళు చిమ్మే షాట్‌గన్ పట్టేవారికి ఇది పెద్ద చిక్కు. తుపాకి కుడి భుజానికి ఆనుతుంది, కుడి చెంప తుపాకి వెనుక కట్టెకు తగులుతుంది, కానీ రెండు కళ్ళూ తెరిచి ఉంటే మెదడు ఎడమ కన్ను చెప్పినదాన్నే నమ్ముతుంది కనుక, గొట్టం పక్కకు పోతున్నా సూటిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందువల్ల మొదటి ఐదేళ్ళూ ఎడమ కన్ను మూసుకొనే కాల్చాను. డల్లాస్ శివార్లలో మేము వెళ్ళే స్కీట్ (గాలిలోకి రెండు పక్కల నుంచి విసిరే మట్టిబిళ్ళలను కాల్చే ఆట) మైదానంలో 25 బిళ్ళలకు 15, 16 కంటే ఎక్కువ పగలగొట్టిన రోజులు చాలా తక్కువ. యాభై దాటాక చత్వారం వచ్చి, గొట్టం చివరనుండే ఇత్తడి పూస కూడా మసకబారింది. అప్పుడే రెడ్ డాట్, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించే గురి పరికరం (సైట్), పెట్టించాను. ఈ మూడేళ్ళలో దానితో ఆరువేలకు పైగా షెల్లు (తూటాలు) కాల్చాను.

నా తుపాకి 12 గేజ్ (గొట్టం లోపలి కొలత) బెరెట్టా ఏ300 అల్టిమా, గ్యాస్ ఒత్తిడితో పనిచేసే సెమీ ఆటోమేటిక్. గొట్టం వెనుకనుండే లోహపు పెట్టె (రిసీవర్) పైభాగంలో మరలకు రంధ్రాలు ముందే ఉంటాయి కాబట్టి తుపాకిని ఎక్కడా కోయించకుండానే చిన్న రైలు పట్టీ బిగించి దానిపై సైట్‌ను కూర్చోబెట్టవచ్చు. నేను ఎంచుకున్నది పైన మూత లేని రకం. దానికి ముందు ఒకే అద్దం, వెనుక అడుగున చిన్న ఎల్‌ఈడీ దీపం ఉంటాయి. దీపపు కాంతి అద్దం మీది పూతకు తగిలి సమాంతర కిరణాలుగా కంటికి చేరుతుంది కనుక, చుక్క ఎక్కడో దూరాన, బిళ్ళ ఉన్నచోటనే ఉన్నట్టు కనిపిస్తుంది. దగ్గరి పూసనూ దూరపు బిళ్ళనూ మార్చి మార్చి చూసే పని కంటికి తప్పుతుంది. అద్దం కుడి కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి చుక్క కుడి కంటికే కనిపిస్తుంది, ఎడమ కన్ను మాత్రం ఆకాశాన్నీ బిళ్ళనూ చూస్తూ ఉంటుంది. ఈ రెండు దృశ్యాలనూ మెదడు కలుపుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ తరువాత ఎడమ కన్ను మూయవలసిన అవసరం నాకు మళ్ళీ రాలేదు, నా దృష్టిలో ఈ పరికరం చేసిన అన్నింటికంటే పెద్ద మేలు ఇదే.

అయితే మొదటి రెండు నెలలు నా లెక్క 11, 12కు పడిపోయింది. సైట్ అద్దం రిబ్ (గొట్టం మీద పొడవునా ఉండే పట్టీ) కంటే సుమారు అంగుళం ఎత్తున ఉంటుంది, దానికోసం తల ఎత్తితే చెంప కట్టెను వదిలేస్తుంది, చెంప వదిలితే చుక్క అద్దంలో కనిపించదు. బిళ్ళ గాలిలో ఉండేది కొన్ని క్షణాలే, అందులో సగం చుక్కను వెతకడానికే సరిపోయేది. ఆ కోపంలో ఒకసారి సైట్‌ను ఊడదీసి పెట్టె‌లో పడేశాను కూడా. కానీ ఆలోచించగా తెలిసిందేమిటంటే, తప్పు సైట్‌ది కాదు. ఇన్నేళ్ళూ నేను తుపాకిని ఎత్తిన ప్రతిసారీ ఒక్కోచోట ఆనిస్తున్నాను. పూస ఉన్నప్పుడు ఆ తేడా నాకు కనిపించలేదు, గుళ్ళు మాత్రం పక్కకు పోయేవి. చుక్క ఆ తేడాను దాచదు: తుపాకి సరిగా ఆనకపోతే అది కనిపించనే కనిపించదు. కట్టె పైన పదిహేను మిల్లీమీటర్ల నురుగు ప్యాడ్ అంటించాను. నలభై రోజులపాటు సాయంత్రం పూట, షెల్లన్నీ వేరే గదిలో తాళం వేసి, చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకొని, గోడా పైకప్పూ కలిసే గీత వెంట యాభైసార్లు తుపాకి ఎత్తాను. కళ్ళు మూసుకొని ఎత్తి, తెరిచేసరికి చుక్క అద్దం మధ్యన ఉండాలి. అది అలవాటైన తరువాతే మైదానంలో మార్పు కనిపించింది. ఇప్పుడు నా సగటు 20 దగ్గర ఉంది.

రెండో తప్పు ఇంకా లోతైనది. రైఫిల్‌తో నిలిచి ఉన్న గురిని కాల్చినవారు చుక్కను బిళ్ళపై పెట్టి ట్రిగ్గర్ నొక్కబోతారు, నేనూ అదే చేశాను. చూపు చుక్కమీదికి వెళ్ళిన మరుక్షణం చేయి ఆగుతుంది, చేయి ఆగితే గుళ్ళు బిళ్ళ వెనుక పోతాయి. స్కీట్‌లో 4వ స్థానం నుంచి అడ్డంగా పోయే బిళ్ళకు సుమారు 21 గజాల దూరంలో నాలుగు అడుగుల వరకు ముందుకు కాల్చాలి. నా సైట్ అద్దం వెడల్పు 25 మిల్లీమీటర్లు, కంటికి దాని దూరం 40 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ 21 గజాల దగ్గర అద్దం గుండా కనిపించే వెడల్పు మొత్తం నాలుగు అడుగులే, అంటే చుక్క నుంచి అంచుకు రెండు అడుగులు. కాబట్టి సరైన క్షణంలో బిళ్ళ అద్దంలో ఉండదు, అద్దం బయట ఉంటుంది. అద్దంలోనే అన్నీ జరగాలనుకునేవారు ఈ స్థానంలో తప్పకుండా వెనుకబడతారు. చూపు బిళ్ళపైనే ఉండాలి, చుక్క దాని ముందు పక్కచూపులో కదలాలి, నొక్కిన తరువాత కూడా తుపాకి కదులుతూనే ఉండాలి. ట్రాప్‌లో (బిళ్ళలను కాల్చేవాడి ముందునుంచి విసిరే ఆటలో) చాలా బిళ్ళలు కాల్చేవాడికి దూరంగా పోతాయి, ముందు ఉంచవలసిన దూరం చిన్నది, కాబట్టి అక్కడ డాట్ మరింత సులువుగా పనిచేస్తుంది.

గురి సరిచేయడం సైట్ బిగించిన రోజే చేయవలసిన పని. పెద్ద కాగితం కట్టి, 30 గజాల నుంచి ఐదు షెల్లు కాల్చి, గుళ్ళ గుంపు మధ్యభాగం ఎక్కడ పడుతోందో చూశాను. ఒక్కో గుళ్ళ రంధ్రం కాదు, గుంపు ముఖ్యం. నా సైట్‌లో గురి మరను తిప్పితే ఒక క్లిక్కు 1 ఎంవోఏ (చిన్న కోణపు కొలత), అంటే 30 గజాల దగ్గర మూడోవంతు అంగుళం కంటే కొంచెం తక్కువ. ట్రాప్ ఆడే రోజు పన్నెండు క్లిక్కులు పైకి తిప్పుతాను, గుంపు సుమారు నాలుగు అంగుళాలు పైకి వెళ్తుంది, పైకి లేచే బిళ్ళను గొట్టం కింద దాచుకోవలసిన పని ఉండదు. పూస ఉన్న తుపాకిలో ఈ మార్పు కోసం కట్టె ఎత్తు మార్చాలి.

లోపాలు కూడా చెప్పాలి. దానంతట అదే వెలుగును సరిచేసుకునే పద్ధతి టెక్సాస్ ఎండలో నన్ను మోసం చేసింది. కాల్చే చోట రేకు నీడ ఉంటుంది, ఆ నీడను చూసి సైట్ చుక్క వెలుగు తగ్గిస్తుంది, నేను చూసేది మాత్రం మండే ఆకాశం, అందులో చుక్క కరిగిపోతుంది. చేత్తో వెలుగు పెంచుకోగలిగే రకమే కొనండి. నారింజ రంగు బిళ్ళపై ఎర్ర చుక్క కలిసిపోతుంది, అక్కడ ఆకుపచ్చ చుక్క మేలు. చినుకు పడితే ఎల్‌ఈడీపై నీటిబొట్టు నిలిచి చుక్క చిందరవందర అవుతుంది, మూసిన రకానికి ఆ బాధ లేదు. నాలుగు వందల షెల్ల తరువాత తుపాకి తన్నుకు రైలు పట్టీ మర ఒకటి వదులైంది, దాని వల్ల ఒక మధ్యాహ్నమంతా వృథా అయింది. తరువాత మర జిగురు వేసి బిగించాను, మళ్ళీ కదలలేదు. కంటిలో వక్రత దోషం (ఆస్టిగ్మాటిజం) ఉన్నవారికి చుక్క నక్షత్రంలా చీలి కనిపించవచ్చు, కాబట్టి కళ్ళజోడుతో ఒకసారి చూశాకే డబ్బు చెల్లించండి.

హైదరాబాద్‌లో ట్రాప్ నేర్చుకుంటున్న మా మేనల్లుడు, “మామయ్యా, నేనూ ఒకటి పెట్టించుకోనా?” అని అడిగాడు. వద్దన్నాను. ట్రాప్ షూటర్ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన ఆటే వాడి లక్ష్యం, అంతర్జాతీయ నియమాల ప్రకారం షాట్‌గన్‌కు వెలుగు చిమ్మే సైట్ నిషేధం. పోటీలో తీసేయవలసినదానికి అలవాటు పడటం వాడికి నష్టమే. బదులుగా రోజూ ఖాళీ తుపాకిని యాభైసార్లు ఎత్తమని, పూసపై కాక బిళ్ళ ముందు అంచుపై చూపు పెట్టమని చెప్పాను.